కాన్పు భయానికి పూల చుక్కలు: బాక్ పూల మందులు, రెస్క్యూ రెమెడీ వాడి చూసిన తరువాత

కడుపుతో ఉన్నప్పుడు కలిగే భయానికీ, బెంగకూ, నొప్పుల వేళ పుట్టే కంగారుకూ మేలు చేస్తాయన్న నమ్మకంతో చాలామంది కొనుక్కునే బాక్ పూల మందుల గురించి ఈ సమీక్ష. నేను ఉంటున్నది ఇంగ్లండులోని రెడింగ్ పట్టణంలో. ఇక్కడ ఈ సీసాలు పెద్ద మందుల దుకాణాల్లో విటమిన్ మాత్రల పక్కనే కనిపిస్తాయి. హైదరాబాదులోనూ విజయవాడలోనూ హోమియో మందుల షాపుల్లో అడిగితే ఇస్తారు. నా రెండో కాన్పుకు ముందు ఏడో నెల నుంచి, బిడ్డ పుట్టాక మరికొన్ని వారాల పాటు వీటిని వాడాను. ఈ మందులు ఎంచి ఇవ్వడంలో శిక్షణ పొందిన ఒక సలహాదారును కూడా డబ్బు చెల్లించి కలిశాను. ఇవి పనిచేస్తాయా, గర్భిణులు వేసుకోవచ్చా అని తెలిసినవాళ్ళు అడిగే రెండు ప్రశ్నలకూ ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు గనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ మందులను రూపొందించిన ఎడ్వర్డ్ బాక్ 1886లో బర్మింగ్‌హాం శివారైన మోస్లీలో పుట్టిన వైద్యుడు. లండనులో మొదట సూక్ష్మజీవుల పరిశోధనలోనూ, తరువాత హోమియోపతి ఆసుపత్రిలోనూ పనిచేసి, 1930లో అక్కడి ప్రాక్టీసు వదులుకుని పల్లెల బాట పట్టాడు. 1928లో వేల్స్‌లోని ఒక నది ఒడ్డున సేకరించిన మిమ్యులస్, ఇంపేషన్స్ పూలతో మొదలుపెట్టి, 1936 నవంబరులో మరణించేనాటికి 38 మందుల జాబితాను పూర్తి చేశాడు. ఆయన చివరి రోజుల్లో ఉన్న మౌంట్ వెర్నన్ అనే చిన్న ఇల్లు మాకు అంత దూరం కాని బ్రైట్‌వెల్-కమ్-సాట్‌వెల్ గ్రామంలో ఉంది. నేటి బాక్ సెంటర్ అదే. ఆ ఇంపేషన్స్ మొక్క అసలు మన హిమాలయాలది. పందొమ్మిదో శతాబ్దంలో తోటల కోసం ఇక్కడికి తెచ్చుకున్నారు, ఇప్పుడది ఇంగ్లండు నదుల గట్లన్నీ కమ్మేసిన కలుపు మొక్కగా పేరుపడింది.

ఆయన పద్ధతిలో మందు రోగానికి కాదు, రోగి మనఃస్థితికి. కారణం తెలిసిన భయానికి మిమ్యులస్, ఎందుకో చెప్పలేని గుబులుకు ఆస్పెన్, తనవాళ్ళకు ఏమవుతుందో అన్న ఆరాటానికి రెడ్ చెస్ట్‌నట్, నిద్ర పట్టనివ్వకుండా తిరిగిన చోటే తిరిగే ఆలోచనలకు వైట్ చెస్ట్‌నట్, మోయలేనంత బాధ్యత మీద పడిందన్న బెదురుకు ఎల్మ్, ఒళ్ళూ మనసూ అలసి సొమ్మసిల్లినప్పుడు ఆలివ్, తన శరీరం మీద తనకే కలిగే ఏవగింపుకు క్రాబ్ ఆపిల్, జీవితంలో పెద్ద మార్పు వచ్చినప్పుడు నిలదొక్కుకోవడానికి వాల్‌నట్, ఎప్పుడో తగిలిన దెబ్బ తాలూకు అదురు ఇంకా వదలకపోతే స్టార్ ఆఫ్ బెత్లెహెం. గర్భిణులకు సాధారణంగా సూచించేవి ఇవే. రెస్క్యూ రెమెడీ అన్న పసుపుపచ్చ లేబుల్ సీసాలో స్టార్ ఆఫ్ బెత్లెహెం, రాక్ రోజ్, ఇంపేషన్స్, క్లెమాటిస్, చెర్రీ ప్లమ్ అనే ఐదూ కలిపి ఉంటాయి. పరీక్షలకు ముందు, విమానం ఎక్కేముందు, పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు నాలుక మీద నాలుగు చుక్కలు వేసుకునే అలవాటు ఇక్కడ చాలామందికి ఉంది. కాన్పుకు సర్దుకునే సంచీలో ఈ సీసా పెట్టుకోవడం కూడా ఆ అలవాటుకు పొడిగింపే.

నేను వీటి దాకా ఎందుకు వచ్చానో చెప్పకపోతే తరువాతి మాటలకు అర్థం ఉండదు. నా మొదటి కాన్పు హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జరిగింది. నొప్పులు మొదలైన దగ్గర నుంచి నన్ను ఒంటరిగా ఉంచారు. మా అమ్మను గానీ మావారిని గానీ లోపలికి రానివ్వలేదు. చాలా గంటల తరువాత, ఎందుకో ఎవరూ చెప్పకుండానే, ఆపరేషన్ గదికి తీసుకుపోయారు. బిడ్డ క్షేమంగా పుట్టాడు కాబట్టి అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాననే అనుకున్నాను. రెండోసారి నెల తప్పాక గానీ ఆ గది నాలోంచి పోలేదని తెలియలేదు. స్కానింగ్ కోసం బల్ల మీద పడుకుంటే చేతులు చల్లబడిపోయేవి. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, కుట్టు పిగిలిపోతుందేమో అన్న ఆలోచన మొదలైతే తెల్లవారేదాకా ఆగేది కాదు. ఇది నా ఒక్కదాని కథ కూడా కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో ఆ లెక్క 80 శాతం దాటింది. వాటిలో ప్రాణం కాపాడినవి ఎన్నో ఉంటాయి. కానీ కడుపు కోయించుకున్నవారిలో ఎంతమందికి ఆ గంటలు మనసులో పచ్చిగా మిగిలాయో లెక్క పెట్టినవారు నాకు కనిపించలేదు.

సలహాదారుతో గడిపిన గంట గురించి నిలిచి చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజంగా మేలు చేసింది అదే. ఆవిడ వైద్యురాలు కాదు, ఆ మాట మొదటే స్పష్టంగా చెప్పింది. నాడి చూడలేదు, బి.పి. చూడలేదు, జబ్బుల చిట్టా అడగలేదు. ఇప్పుడు ఎలా ఉంది అని అడిగి, నేను చెబుతున్నంతసేపూ మధ్యలో అడ్డురాలేదు. భయంగా ఉంది అన్నాను. దేనికి భయం, అది మీకు తెలుసా, లేక కారణం లేకుండానే కమ్ముకుంటున్నదా అని అడిగింది. ఆవిడకు కావలసింది మిమ్యులస్ ఇవ్వాలా ఆస్పెన్ ఇవ్వాలా అన్నది తేల్చుకోవడమే. కానీ ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటుంటే, అంతవరకూ ఒకే ముద్దగా ఉన్న భయం రెండు ముక్కలుగా విడిపోయింది. ఒకటి, పాత కుట్టు పిగులుతుందేమోనన్నది. రెండు, మళ్ళీ నన్ను ఒంటరిగా వదిలేస్తారేమోనన్నది. రెండింటికీ స్పష్టమైన కారణాలు ఉన్నాయి. నెలల తరబడి, మంచిగా ఆలోచించాలమ్మా, కడుపులో బిడ్డ మీద ప్రభావం పడుతుంది, అన్న హితబోధ తప్ప ఇంకేమీ వినని నాకు, నా భయాన్ని భయంగానే ఒప్పుకుని, దాని రంగూ రుచీ అడిగిన మొదటి మనిషి ఆవిడ.

మిమ్యులస్, స్టార్ ఆఫ్ బెత్లెహెం, వైట్ చెస్ట్‌నట్, వాల్‌నట్ కలిపి ఆవిడ ఒక సీసా తయారు చేసి ఇచ్చింది. రోజుకు నాలుగుసార్లు, సారికి నాలుగు చుక్కలు. నేను ఆ సీసాతో పాటు ఆ రెండు భయాలనూ కాగితం మీద రాసుకుని ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. కుట్టు గురించి అడిగితే, సిజేరియన్ తరువాత మామూలు కాన్పుకు ప్రయత్నించినవారిలో గర్భసంచి చిరగడం దాదాపు 200 మందిలో ఒకరికి జరుగుతుందనీ, అందుకే నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ గుండె చప్పుడును ఆపకుండా గమనిస్తూ ఉంటారనీ, ప్రయత్నించినవారిలో నూటికి డెబ్బై మందికి పైగా మామూలుగానే కంటారనీ డాక్టరు కూర్చుని చెప్పారు. ఒంటరితనం గురించి అడిగితే, మీవారు మొదటి నుంచి చివరి దాకా మీతోనే ఉంటారు, ఆపరేషన్ అవసరమైతే అక్కడికి కూడా వస్తారు అని మిడ్‌వైఫ్, అంటే కాన్పు చేయడంలో శిక్షణ పొందిన ఆవిడ, నా కాన్పు పత్రంలో రాసింది. ఆ రాత్రి నిద్రపట్టింది. చుక్కలు అంతకు చాలా రోజుల ముందు నుంచే వేసుకుంటున్నాను. నిద్ర మాత్రం ఆ కాగితానికి జవాబులు దొరికిన రాత్రి వచ్చింది.

ఇప్పుడు సీసాలో ఏముందో చూద్దాం. పూలను ఊట నీటిలో వేసి మూడు గంటలు ఎండలో ఉంచడం ఒక పద్ధతి, కొమ్మలతో సహా అరగంట మరగబెట్టడం మరొకటి. ఆ నీటిని వడకట్టి, సమానంగా బ్రాందీ కలిపితే అది మూల ద్రావణం. అందులోంచి రెండు చుక్కలు 30 మిల్లీలీటర్ల బ్రాందీలో కలిపితే దుకాణంలో అమ్మే సీసా వస్తుంది. దాన్నుంచి మళ్ళీ రెండు చుక్కలు 30 మిల్లీలీటర్ల నీటిలో కలిపితే మనం వాడే మిశ్రమం. చుక్క అంటే మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు అనుకుంటే, మన నోట్లో పడేసరికి మూల ద్రావణం దాదాపు 90,000 రెట్లు పలచబడి ఉంటుంది. మూల ద్రావణంలోనే సగం బ్రాందీ అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పువ్వులోని పదార్థం ఏదో ఒంట్లోకి చేరి పనిచేస్తుందని చెప్పడానికి ఇక్కడ ఏమీ మిగలదు. పువ్వు తాలూకు శక్తి నీటికి అంటుతుందని బాక్ నమ్మాడు. ఆ శక్తిని కొలిచి చూపినవారు ఇంతవరకూ లేరు.

మరి పరీక్షలు చేశారా అంటే, చేశారు. ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్ 2010లో, అప్పటికి దొరికిన ఏడు నియంత్రిత పరీక్షలను ఒకచోట చేర్చి చూశాడు. ఉత్తుత్తి మందుతో పోల్చి చేసిన ఏ పరీక్షలోనూ పూల మందు దానికంటే మెరుగని తేలలేదు. అంతకు ముందు ఏడాది మరో బృందం చేసిన సమీక్ష కూడా పరీక్షల భయం, పిల్లల్లో ఏకాగ్రత లోపం వంటి వాటిపై ఇదే మాట చెప్పింది. ప్రమాదం మాత్రం పెద్దగా కనిపించలేదన్నది. గమనించవలసినది ఏమిటంటే, ఈ పరీక్షల్లో పూల చుక్కలు వేసుకున్నవారికీ కొంత ఊరట కలిగింది, వట్టి బ్రాందీ నీళ్ళు వేసుకున్నవారికీ కలిగింది. ఆ ఊరటను నేను తీసిపారేయను. భయంతో గుండె దడదడలాడుతున్నప్పుడు ఒక్క నిమిషం ఆగి, సీసా మూత తీసి, చుక్కలు లెక్కపెట్టి, నాలుక మీద వేసుకుని, ఊపిరి నిదానించేదాకా కూర్చోవడం మేలే. అయితే ఆ మేలుకు పది పౌండ్లు పెట్టి కొన్న సీసా అవసరమా అన్నది వేరే ప్రశ్న.

కాన్పు నాడు ఏం జరిగిందో చెబుతాను. నొప్పులు రాత్రి మొదలయ్యాయి. తాగే మంచినీళ్ళ సీసాలో రెస్క్యూ రెమెడీ చుక్కలు వేసుకుంటానంటే మిడ్‌వైఫ్ అభ్యంతరం చెప్పలేదు; మీరు నోట్లో వేసుకునేది ఏదైనా మాకు తెలియాలి, అంతే అన్నది. నొప్పి తగ్గడానికి నడుముకు సన్నని విద్యుత్ తరంగాలిచ్చే టెన్స్ యంత్రం, తరువాత సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్ ఉండే గ్యాస్, మావారి చెయ్యి, మిడ్‌వైఫ్ గొంతు, వీటన్నిటి మధ్య ఆ నీళ్ళ గుటకలు. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పడం నావల్ల కాదు, చెప్పగలమనేవారిని నేను నమ్మను. నొప్పి మీద ఆ చుక్కల ప్రభావం నాకు తెలియలేదు. నొప్పి తగ్గిస్తుందని ఎవరైనా చెబితే అది నిజం కాదు. తెల్లవారాక కాన్పు ముందుకు సాగలేదు, బిడ్డ గుండె చప్పుడు మందగించింది, మళ్ళీ సిజేరియన్ అన్నారు. అలాంటిదే ఆపరేషన్ గది, అలాంటివే దీపాలు. కానీ ఈసారి ప్రతి అడుగూ ముందే చెప్పి వేశారు, మావారు నా తల దగ్గర కూర్చుని ఉన్నారు, పాప ఏడుపు వినగానే ఇద్దరం ఒకేసారి ఏడ్చాం. మొదటిసారికీ రెండోసారికీ ఆపరేషన్‌లో పెద్ద తేడా లేదు. నన్ను మనిషిలా చూడడంలోనే తేడా ఉంది.

నొప్పులు పడుతున్న మనిషి పక్కన నమ్మకమైన తోడు ఉండడం వల్ల కలిగే ప్రయోజనం గురించి ఉన్న ఆధారాలతో పోలిస్తే పూల చుక్కల ఆధారాలు ఎక్కడా నిలవవు. 26 పరీక్షలు, 15,000 మందికి పైగా స్త్రీల వివరాలను కలిపి వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, విడవకుండా తోడు ఉన్నవారికి మామూలు కాన్పులు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ, నొప్పుల కాలం కొంత తక్కువ, కాన్పు అనుభవం మీద అసంతృప్తి కూడా తక్కువ. తాను కోరుకున్న మనిషి తోడుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. మన దేశంలో కాన్పు గదులను మెరుగుపరచడానికి 2017 చివర మొదలైన లక్ష్య కార్యక్రమం కూడా ప్రభుత్వ ఆసుపత్రుల కాన్పు గదుల్లో తోడును అనుమతించమంటున్నది. తెలంగాణ ప్రభుత్వం నర్సులకు మిడ్‌వైఫరీలో ప్రత్యేక శిక్షణ ఇప్పించి కాన్పు గదుల్లోకి పంపుతున్నది. ఒకప్పుడు ఇంటికి వచ్చే మంత్రసాని, పక్కన కూర్చునే పెద్దమ్మ, పిన్ని ఇచ్చిన ధైర్యాన్ని ఆసుపత్రి తలుపు బయటే ఆపేసి, లోపల దాని కొరతకు సీసాలు వెతుక్కుంటున్నామా అని నాకు చాలాసార్లు అనిపించింది.

ఇక వేసుకోవచ్చా అన్న రెండో ప్రశ్న. గర్భిణులు ఆల్కహాల్‌కు పూర్తిగా దూరంగా ఉండడమే క్షేమమని బ్రిటన్ ముఖ్య వైద్యాధికారులు 2016 నుంచి చెబుతున్నారు. ఇక్కడ అమ్మే రెస్క్యూ చుక్కల్లో ఆల్కహాల్ 27 శాతం. సీసాలోంచి నేరుగా రోజుకు నాలుగుసార్లు నాలుగేసి చుక్కలు వేసుకున్నా, లోపలికి వెళ్ళే శుద్ధ ఆల్కహాల్ మిల్లీలీటరులో ఐదో వంతు; ఇక్కడ మద్యాన్ని లెక్కించే ఒక యూనిట్ అంటే పది మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్. నీళ్ళలో కలిపిన మిశ్రమమైతే నెల రోజులు వచ్చే సీసా మొత్తానికీ కలిపి అంత కూడా ఉండదు. బిడ్డకు హాని చేసేంత మోతాదు ఇది కాదని మా డాక్టరు అన్నారు, నేను దాన్ని ఒప్పుకుని వాడాను. అయినా, వీసా మీద నాకు పురుడు పోయడానికి వచ్చిన మా అమ్మ సీసా మీది రాతలు చదివించుకుని, కడుపుతో ఉన్నదానికి బ్రాందీ చుక్కలేమిటే అని నిలదీసినప్పుడు, ఆమె అడిగినదాంట్లో తప్పు లేదనే అనుకున్నాను. మతం వల్లనో, ఇంట్లో తాగుడు తెచ్చిన కష్టాల వల్లనో చుక్క కూడా ముట్టనివారికి, పిల్లల కోసం గ్లిసరిన్‌తో చేసిన ఆల్కహాల్ లేని రకం ఉంది, చప్పరించే బిళ్ళలు కూడా ఉన్నాయి. సలహాదారు కలిపి ఇచ్చే సీసాలో నిల్వ కోసం చెంచాడు బ్రాందీ అదనంగా పోసే అలవాటు కొందరికి ఉంది. వద్దని ముందే చెప్పి, సీసాను ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మంచిది.

మన ఊళ్ళలో ఈ మందు హోమియో షాపులో దొరుకుతుంది గనుక అందరూ హోమియో మందనే అనుకుంటారు. తయారీ పద్ధతి వేరు, మందును ఎంచే సూత్రమూ వేరు. మన దేశంలో తయారయ్యే సీసాల్లో ఆల్కహాల్ పాళ్ళు తయారీదారును బట్టి మారతాయి కాబట్టి లేబుల్ చదవకుండా, 27 శాతమే అని నా లెక్కను అక్కడికి తీసుకుపోకండి. పంచదార గుళికల రూపంలో ఇస్తే, గర్భంతో వచ్చే షుగరు ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, పూల మందును సుగంధ తైలాలతోనూ, మూలికలతోనూ కలగాపులగం చేసుకోకూడదు. సుగంధ తైలాల్లో మొక్క పదార్థం గాఢంగా ఉంటుంది, గర్భిణులకు పడనివి వాటిలో ఉన్నాయి. పూల పేరు చూసి మొక్క తెచ్చి ఇంట్లో కషాయం కాచుకోవడం మరీ ప్రమాదం: స్టార్ ఆఫ్ బెత్లెహెం మొక్కలో గుండె మీద పనిచేసే విషపదార్థాలు ఉన్నాయి. సీసాలోది క్షేమం కావడానికి కారణం అందులో మొక్క దాదాపు లేకపోవడమే.

బిడ్డ పుట్టాక పరిస్థితి వేరు. మూడో రోజు నుంచి ఊరికే కన్నీళ్ళు రావడం, చిన్న మాటకే మనసు చివుక్కుమనడం చాలామంది బాలింతలకు ఉంటుంది. పది పన్నెండు రోజుల్లో అదే సర్దుకుంటుంది. నాది సర్దుకోలేదు. పాప నిద్రపోయినా నాకు నిద్ర రాదు, ఆకలి లేదు, దేని మీదా ఇష్టం లేదు. వైట్ చెస్ట్‌నట్, కారణం తెలియని దిగులుకు ఇచ్చే మస్టర్డ్, ఆలివ్ అన్నీ వేసుకున్నాను, ఏదీ తాకలేదు. తల్లీబిడ్డలను చూడడానికి ఇంటికి వచ్చే హెల్త్ విజిటర్, బాలింతల కుంగుబాటును పసిగట్టడానికి వాడే పది ప్రశ్నల ఎడిన్‌బరో పట్టికను నా చేత నింపించి, మార్కులు చూసి, డాక్టరుతో మాట్లాడి, మాటల చికిత్సకు పంపింది. అది నెమ్మదిగా పనిచేసింది. భారతదేశంలో జరిగిన అనేక అధ్యయనాలను కలిపి 2017లో వేసిన లెక్క ప్రకారం బాలింతల్లో 22 శాతం మందికి ఈ రకం కుంగుబాటు ఉంది. అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి. వారిలో ఎవరైనా ఈ సీసా మీద నమ్మకంతో నెల రోజులు వేచి చూస్తే, పోయేది సీసా డబ్బు మాత్రమే కాదు.

అందుకే ఈ మందుల విషయంలో నా అసలు ఆందోళన ఆల్కహాల్ గురించి కాదు, ఆలస్యం గురించి. గర్భిణికి గుండె దడగా ఉంటే అది భయమే కానక్కర్లేదు. రక్తహీనత కావచ్చు, థైరాయిడ్ కావచ్చు. మన దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తం తక్కువే. తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, ముఖం ఉబ్బడం, డొక్కల దగ్గర నొప్పి ఉంటే అది గర్భంతో వచ్చే ప్రమాదకరమైన బి.పి. కావచ్చు, వెంటనే ఆసుపత్రికి చేరాలి. బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే చుక్కలు వేసుకుని పడుకోకూడదు. రెండు వారాలు దాటిన దిగులు, తనకు గానీ బిడ్డకు గానీ హాని చేసుకోవాలన్న తలపు, కాన్పయిన కొద్ది రోజుల్లోనే నిద్రే లేకుండా పొంతన లేని మాటలు, లేనివి వినిపించడం, ఇవన్నీ అదే రోజు డాక్టరుకు చెప్పవలసినవి. మనసుకు మాత్రలు వాడుతున్నవారు పూల మందు మొదలుపెట్టాం కదా అని వాటిని తమంతట తాము ఆపేయకూడదు. మన దేశంలో మానసిక ఆరోగ్య సహాయానికి టెలిమానస్ ఫోన్ నంబరు 14416కు ఏ వేళలోనైనా చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. నేను కలిసిన సలహాదారు ఈ హద్దులు తెలిసిన మనిషి; డాక్టరు దగ్గరికి వెళ్ళమని తానే రెండుసార్లు చెప్పింది. డాక్టరు వద్దు, ఇవే చాలు అనే సలహాదారు ఎదురైతే డబ్బు వెనక్కి అడగకపోయినా లేచి వచ్చేయండి.

కొనదలచుకున్నవారికి: 38 సీసాల పెట్టె అవసరం లేదు, దాని ఖరీదుకు బిడ్డకు పాలిచ్చేటప్పుడు ఆసరాగా పెట్టుకునే మంచి దిండూ ఇంకొన్ని బిడ్డ బట్టలూ వస్తాయి. పది మిల్లీలీటర్ల రెస్క్యూ సీసా ఒకటి చాలు, కాన్పు దాటి ఇంకా మిగులుతుంది. స్ప్రే కంటే డ్రాపర్ సీసా నయం, ఎంత వేసుకుంటున్నామో తెలుస్తుంది. గాజు సీసా కాబట్టి ఆసుపత్రి సంచీలో గుడ్డ చుట్టి పెట్టుకోవాలి. సలహాదారుతో గంటకు నేను ఇచ్చినది మూడు నాలుగు సీసాల ఖరీదు, అందుకు నాకు విచారం లేదు. మందుగా ఈ సీసాకు ఐదులో ఒకటి ఇస్తాను. ఆ గంట సంభాషణకు నాలుగు.

కరీంనగర్‌లో ఉన్న మా పిన్ని కూతురు ఇప్పుడు ఆరో నెలలో ఉంది, తనకూ ఒక సీసా పంపమని అడిగింది. డాక్టరుకు చూపించి వాడుకో అని చెప్పి పంపుతున్నాను. దాంతో పాటు, ఈసారి చెకప్‌కు వెళ్ళినప్పుడు అడగమని మూడు ప్రశ్నలు రాసి పంపాను: నొప్పుల గదిలో నాతో ఎవరు ఉండవచ్చు, సిజేరియన్ చేయవలసి వస్తే ఎందుకో ఎవరు చెబుతారు, పుట్టాక నాకు దిగులు పట్టుకుంటే ఎవరికి ఫోన్ చేయాలి.